నాకు ముళ్లుండవు

నన్ను సిస్టమ్ క్లాక్ అంటారు. ముళ్లు లేవు, టిక్కుటిక్కు లేదు. నేనొక లెక్కను, అంతే: 1970 జనవరి 1 గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లు. మన దగ్గర అప్పుడు తెల్లవారుజాము ఐదున్నర. తేదీ, వారం, ఐఎస్‌టీ అన్నీ ఆ అంకెను చూసి తర్వాత గుణించి చెప్పుకునేవే.

ఓ మండల కేంద్రంలో, నెట్ సెంటర్ మూలనున్న లైనక్స్ డెస్క్‌టాప్‌లో నా కాపురం. కరెంటు తీస్తే నేనుండను. అప్పుడు కాలాన్ని కనిపెట్టుకుని ఉండేది మదర్‌బోర్డు మీది ఆర్‌టీసీ (రియల్ టైమ్ క్లాక్) చిప్పు. దాని ప్రాణం సీఆర్‌2032 బిళ్ల సెల్లు. పక్కనున్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. దాన్ని పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి వస్తుంది. మిషన్ లేవగానే లైనక్స్ గుండెకాయ కెర్నెల్ ఆ చిప్పునడిగి నన్ను పుట్టిస్తుంది. ఆ తర్వాత దాని దారి దానిది, నా దారి నాది.

టైమెంతని నన్నడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. క్లాక్_గెట్‌టైమ్ అంటే చాలు. ఒకప్పుడు అడిగిన ప్రతిసారీ కెర్నెల్ గడప తొక్కాల్సి వచ్చేది. ఇప్పుడు వీడీఎస్ఓ అనే ఏర్పాటు వచ్చాక నా వివరాలు పంచాయతీ గోడ మీది నోటీసులా ప్రతి ప్రోగ్రామ్ ముందూ ఉంటాయి, చూసుకుని పోతారు. మార్చాలంటే మాత్రం క్లాక్_సెట్‌టైమ్ పిలవాలి, క్యాప్_సిస్_టైమ్ హక్కుండాలి. లేకపోతే ఈపర్మ్, అంటే అనుమతి లేదని వెనక్కి పంపేస్తారు. ఈ కట్టడి ఉండాల్సిందే. నేను వెనక్కి దూకితే ఇప్పుడే సేవ్ చేసిన ఫైలు రేపటిదై కూర్చుంటుంది.

మా సెంటర్లో సెల్లు అయిపోయింది. ఓనర్ రాత్రి బోర్డు దగ్గరే స్విచ్ కట్టేస్తాడు కాబట్టి, పొద్దున లేచేసరికి నేను ఏళ్ల వెనక ఉన్నాను. నెట్ నుంచి టైమ్ తెచ్చే ఎన్‌టీపీని అంతకుముందే ఎవరో ఆపేశారు. ఓ అమ్మాయి అప్లికేషన్ పెట్టడానికి వచ్చింది, ఆ రోజే ఆఖరి తేదీ. బ్రౌజర్ సైటు తెరవనంటుంది: ఆ సర్టిఫికెట్ నా లెక్కలో ఇంకా పుట్టనేలేదు! "అన్నా, నెట్ లేదా?" అంది. "నెట్టుంది గానీ తల్లీ, దీనికి తేదీ తెలీట్లేదు" అంటూ ఓనర్ సుడో డేట్ కమాండ్ కొట్టాడు. ఒక్క గెంతులో ఏళ్లు దాటాను. తర్వాత సెల్లు మార్చి ఎన్‌టీపీ ఆన్ చేశాడు. అది కొద్దిపాటి తేడాలకు నన్ను దూకించదు. నా నడకను సెకనుకు అర మిల్లీసెకనుకు మించకుండా సర్దుతుంది. ఒక్క సెకను తేడాను అలా సరిచేయాలంటే 2,000 సెకన్లు, అంటే అరగంట పైనే. నాకదే ఇష్టం.

నాకో తమ్ముడున్నాడు, మోనోటానిక్. వాడికి తేదీలు పట్టవు, మిషన్ లేచినప్పటి నుంచి లెక్కపెడతాడు. వాణ్ణి మార్చబోతే అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజర్‌కు కూడా ఈఇన్‌వాల్, అంటే చెల్లదనే జవాబు. ఒక పని ఎంతసేపు పట్టిందో తెలియాలంటే నన్ను కాదు, వాణ్ణడగాలి. నన్నడిగి, మధ్యలో ఎవరో నన్ను వెనక్కి జరిపితే మైనస్ సెకన్లు వచ్చాయని మొత్తుకునే ప్రోగ్రామర్లను చూస్తే జాలి కాదు, విసుగొస్తుంది.

ఇక 2038 జనవరి 19 ఉదయం, మన టైమ్ ప్రకారం 8:44:07 దాటగానే, 32 బిట్లలో లెక్క దాచుకునే నా పాత చుట్టాలు 1901 డిసెంబరుకు జారిపోతారు. నాది 64 బిట్ల లెక్క, నాకా భయం లేదు. వాళ్లున్న పరికరాలను ఈలోగా మార్చుకోవాల్సింది మీరే.