జాతకాలు కలిసిన ఇంజిన్లు

అమెరికాలో పాత కార్ల మోజున్నవాళ్ల మధ్య నిలబడి "బండి నడుస్తుందా?" అని అడగడం మర్యాద కాదు. "నంబర్లు కలిశాయా?" అని అడగాలి, అంటే ఇంజినూ భాగాలూ ఆ కారుకు పుట్టుకతో వచ్చినవేనా అని. 1969 షెవ్రొలే కమారో ముందు చేతులు వెనక్కి కట్టుకుని, బానెట్‌లోకి తొంగిచూస్తూ ఆ ప్రశ్న వేసినవాడే పెద్దమనిషి. "కలిశాయి" అని యజమాని అన్నాడంటే ధర ఆకాశానికి ఎగురుతుంది. "పాత ఇంజిన్ పోయిందండీ, వేరేది వేయించాను, బ్రహ్మాండంగా లాగుతోంది" అన్నాడంటే చుట్టూ ఉన్నవాళ్లు పరామర్శకు వచ్చినట్టు మొహాలు పెడతారు.

పెళ్లికి పొంతన చూసే మన సిద్ధాంతులకు కూడా ఇంత పట్టుదల ఉండదు. ఇంజిన్ బ్లాకు మీద పోత పోసిన తేదీ ఉంటుంది. షెవ్రొలే మాతృసంస్థ జనరల్ మోటార్స్ వారి పంచాంగంలో 'ఏ' అంటే జనవరి, 'ఎల్' అంటే డిసెంబరు. పక్కన రోజు, ఆ పక్కన సంవత్సరం చివరి అంకె. 'సి 12 9' అంటే 1969 మార్చి 12న పుట్టిందన్నమాట. 1979 మార్చి 12 కూడా కావచ్చు, దశాబ్దం రాసే ఓపిక వాళ్లకు లేకపోయింది. ఆల్టర్నేటరు, కార్బ్యురేటరు, డిస్ట్రిబ్యూటరు, వాటర్ పంపు, దేని జన్మతిథి దానిదే. ఇవన్నీ కారుకంటే ముందే పుట్టాలి. అలాగని మరీ ముందు పుట్టకూడదు, కొన్ని వారాలో కొన్ని నెలలో తేడా ఉంటే ఉత్తమం. కారు తయారైన రెండో రోజున పుట్టిన ఆల్టర్నేటరు ఎంత చక్కగా కరెంటు ఇచ్చినా దోషమే. దీనికి శాంతి లేదు, మార్పించుకోవడమే.

అందుకే ఏటా అక్టోబరులో పెన్సిల్వేనియాలోని హెర్షీకి యాత్ర. చాక్లెట్లకు పేరుపడ్డ ఆ ఊళ్లో పాత కార్ల విడిభాగాల సంత జరుగుతుంది. నెరిసిన గడ్డాలవాళ్లు టార్చిలైటు పట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, తుప్పుపట్టిన ఇనుము మీద అంకెలు చదువుతుంటారు. తిరగడం మానేసి బిగుసుకుపోయిన వాటర్ పంపు అయినా సరే, తేదీ కుదిరితే దానిముందు బేరం మొదలవుతుంది. అదే ఇంజిన్‌కు పట్టే కొత్త పంపు వాళ్ల ఊరి దుకాణంలోనే దొరుకుతుంది. కానీ దానికి జాతకం లేదు కదా!

అసలు ఈ కార్లు చేసినవాళ్లకు ఈ పట్టింపు ఏ కోశానా లేదు. ఓహాయోలోని నార్‌వుడ్‌లోనూ, లాస్ ఏంజెలెస్ పక్కన వాన్ నైస్‌లోనూ కలిపి 1969 మోడల్ కమారోలు 2 లక్షల 40 వేలకు పైగా తయారయ్యాయి. అసెంబ్లీ లైను మీద కారు కదిలిపోతుంటే కార్మికుడు చేతికందిన భాగం తీసి బిగించాడు. షెవ్రొలే చిన్న వీ-ఎయిట్ ఇంజిన్ 1955లో 265 ఘనపు అంగుళాలతో మొదలై 283, 327, 350గా పెరిగింది. ఒకదాని భాగాలు చాలావరకు ఇంకోదానికి పట్టడమే దాని గొప్పతనం. అంత ఉదారమైన ఇంజిన్‌కు ఇప్పుడు మడి కట్టబెట్టారు.

మడి ఉన్నచోట దొంగ మడీ ఉంటుంది. దొంగతనాలు అరికట్టడానికని 1968 నుంచి ఇంజిన్ల మీద కారు గుర్తింపు నంబరులో కొంత భాగాన్ని గుద్దడం మొదలుపెట్టారు. ఓవర్‌హాలింగ్‌లో బ్లాకు పైభాగాన్ని చదును పట్టిస్తే ఆ అంకెలు అరిగిపోతాయి. అప్పుడు సుత్తీ, అంకెల పంచీలూ ఉన్న మహానుభావుడు రంగంలోకి దిగుతాడు, కావలసిన నంబరు గుద్దిపెడతాడు. దాన్ని పట్టుకోవడానికి నిపుణులు భూతద్దం పెట్టి, ఫ్యాక్టరీ యంత్రం వదిలిన సన్నటి గీతలు ఉన్నాయా లేదా అని చూస్తారు. ఆ గీతలు గీసిపెట్టే నేర్పరులు కూడా ఇప్పుడు తయారయ్యారు. దొంగల్ని పట్టుకోవడానికి వేసిన అంకె చివరికి దొంగల వృత్తికే పెట్టుబడి అయింది.

కాన్సస్‌లో ఈ అంకెల భక్తి ప్రభుత్వానికీ పట్టింది. ఒకాయన సుమారు 50 వేల డాలర్లు పోసి 1959 షెవ్రొలే కొర్వెట్ కారు కొన్నాడు. 2017లో రిజిస్ట్రేషన్‌కు తీసుకెళితే పోలీసులు పట్టుకున్నారు. ఎప్పుడో బాగుచేసినప్పుడు ఫ్యాక్టరీ గుర్తింపు నంబరు పలకను ఊడదీసి, పని అయ్యాక మళ్లీ బిగించారట, రివెట్లు పాతవి కావట. కారు దొంగ సొత్తు కాదు, ఆయన దొంగ కాదు. అయినా అప్పటి చట్టం ప్రకారం అలాంటి బండిని నుజ్జు చేసి తీరాలి. ఏళ్లు కోర్టులో నలిగాక 2022లో శాసనసభ చట్టం మార్చింది. ఆ రివెట్ల కోసం ఒక సవరణ!

ఇంతకంటే ముచ్చటైనది కొర్వెట్ పోటీల సంగతి. కొర్వెట్ ప్రియుల జాతీయ సంఘం 1974లో పుట్టింది, దానికి ప్రమాణం ఒక్కటే, కారు ఫ్యాక్టరీ గేటు దాటిననాడు ఎలా ఉందో అలా ఉండాలి. ఆనాడు పెయింటు తుంపరలు పడకూడని చోట పడ్డాయి. తనిఖీదారు సుద్దముక్కతో అడ్డదిడ్డంగా గీతలు గీశాడు. ఇప్పుడు ఆ తుంపరలను గంటలకు గంటలు కొలిచి చల్లుతారు, ఆ సుద్దగీతలను ఫోటోలు చూసి మళ్లీ దిద్దుతారు. రంగు మరీ నునుపుగా తేలితే మార్కులు కోత! ఆనాటి కార్మికుడు సోమవారం పొద్దున బద్ధకంగా చేసిన పనిని, ఈనాటి కళాకారుడు గంటకు ఇన్ని డాలర్లని తీసుకుని పరమ శ్రద్ధగా చేస్తున్నాడు. పాత తేదీ అచ్చేసిన కొత్త ప్లగ్గు వైర్లు కూడా దొరుకుతున్నాయి. ఇంజిన్ పట్ల అంత నిజాయితీ, వైరు పట్ల ఇంత అబద్ధం.

ఇంత చేశాక కారును రోడ్డెక్కిస్తారా? తప్పు. ట్రైలరెక్కిస్తారు. దాన్ని లాగేది మొన్న కొన్న ట్రక్కు, దాని ఏ నంబరు దేనితో కలిసిందో ఎవరికీ పట్టదు.

ఇక మార్కెట్ తీర్పు వినండి. 'బుల్లిట్' సినిమాలో స్టీవ్ మెక్వీన్ తోలిన 1968 మస్టాంగ్‌ను 1974లో ఒకాయన 6 వేల డాలర్లకు కొన్నాడు. ఇల్లాలు దాన్ని ఉద్యోగానికి వేసుకెళ్లేది. 2020లో వేలానికి వచ్చినప్పుడు రంగు వెలిసి, గీతలు పడి, వాడిన బండిలాగే ఉంది. పాట 34 లక్షల డాలర్లకు పోయింది. దీంతో గుణపాఠం నేర్చుకున్నవాళ్లున్నారు. మంచి రేకు మీద తుప్పును బొమ్మగా వేయించుకుంటున్నారు. పక్క షెడ్డులో తుప్పు గీకడానికి డబ్బు, ఈ షెడ్డులో తుప్పు పూయడానికి డబ్బు.

సముద్రం దాటి క్యూబాలోని హవానా వెళితే 1950ల షెవ్రొలేలు పొద్దుటి నుంచి రాత్రి దాకా జనాన్ని మోస్తుంటాయి. 1960లో మొదలైన ఆంక్షల తరవాత అమెరికా విడిభాగాలు రావడం ఆగిపోయింది. డీజిల్ ఇంజిన్, వోల్గాదో లాడాదో ఏదో ఒక రష్యన్ భాగం, అదీ దొరక్కపోతే షెడ్డులో అరగదీసి చేసిన ముక్క, ఏది పట్టితే అది వేశారు. నంబర్లు ఏ ఒక్కటీ కలవవు. వెనక సీట్లో ముగ్గురు, ముందు ఇద్దరు, ఒడిలో సామాన్లు. మన హెర్షీ పెద్దమనుషులకు ఆ సంకరాన్ని చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆ డ్రైవరుకు మాత్రం కిరాయి గిట్టింది.

నా దిగులు వేరే ఉంది. ఈ పునరుద్ధరణల్లో వాడుతున్న డోర్లు, ఫెండర్లు, అడుగు రేకులు చాలావరకు తైవాన్ అచ్చుల్లోంచి వస్తున్నాయి. ఇంకో యాభై ఏళ్లకు ఆ అచ్చులూ మూతపడతాయి. అప్పటి నిపుణుడు ఏదో సంతలో మోకాళ్ల మీద కూర్చుని, ఫెండరు వెనక వేలితో తడిమి, ఇది 2024 నాటి అసలు సిసలు నకిలీయేనా, లేక నకిలీకి నకిలీయా అని యజమానిని నిలదీస్తాడు. దానికీ ఒక సంఘం, దానికీ మార్కులు.