ఏడు కిరీటాల చప్పిడి మనిషి

అమెరికా స్టాక్‌కార్ రేసుల వీరాభిమానికి గెలిచే డ్రైవరొక్కడే చాలడు. వాడు పక్కవాణ్ణి గోడకేసి గుద్దాలి, దిగొచ్చి కాలరు పట్టుకోవాలి, మైకు ముందు రంకెలేయాలి. కాలిఫోర్నియా కుర్రాడు జిమ్మీ జాన్సన్ ఈ బాధ్యతలేవీ నెరవేర్చలేదు. 2006 నుంచి 2010 దాకా వరసగా అయిదుసార్లు నాస్కార్ కప్పు ఎగరేసుకుపోయాడు. అంతకుముందు వరసగా మూడు దాటినవాడే లేడు. 2013లో, 2016లో మళ్లీ గెలిచి మొత్తం ఏడు చేసి, రిచర్డ్ పెటీ, డేల్ ఎర్న్‌హార్ట్‌ల సరసన నిలిచాడు. అందుకు దక్కిన బిరుదు: చప్పిడి మనిషి.

నేరం తీవ్రమైనదే. గెలిచాక స్పాన్సరుకీ టీముకీ ధన్యవాదాలు చెప్పేవాడు. కారు మీద లోస్ అనే ఇంటిసామాన్ల దుకాణాల పేరు మోసేవాడు. అదే ఎర్న్‌హార్ట్ అయితేనా! నల్లకారు, నల్లకళ్లద్దాలు, అద్దంలో ఆ కారు కనబడితే ముందువాడికి చెమటలు! నిజమే. కాకపోతే ఆ నలుపు 1988లో జనరల్ మోటార్స్ వారి గుడ్‌రెంచ్ స్పాన్సరుగా వచ్చాక పూసుకున్న రంగు. అంతకుముందు జీన్స్ కంపెనీ డబ్బు పెట్టిన రోజుల్లో ఆ భయంకరుడి కారు నీలం, పసుపు. తిరుగుబాటుకి రంగు వేసింది కూడా ప్రకటనల శాఖే. ఆ మాట గ్యాలరీలో అని చూడండి, మీ ఒంటిమీద చొక్కా మిగలదు.

పోనీ, నోరు విప్పి మనసులో మాట అనొచ్చు కదా? ఆ ఎర్న్‌హార్ట్ కొడుకే 2004లో టల్లడేగాలో గెలిచిన ఊపులో టీవీలో ఓ బూతుముక్క దొర్లించాడు. 10,000 డాలర్ల జరిమానా, 25 పాయింట్ల కోత! అంటే నోరు తెరిస్తే నేరస్థుడు, మూస్తే చప్పిడివాడు. 2003 నుంచి 2017 దాకా పదిహేనుసార్లు వరసగా అత్యంత ప్రజాదరణ గల డ్రైవరు ఆ కొడుకే. గెలిచిన కప్పులు సున్నా. తప్పు అతనిది కాదు లెండి, ఓట్లేసినవాళ్లది.

జాన్సన్‌లో కారమే లేదా అంటే, 2006 డిసెంబరులో మణికట్టు విరిగింది. గోల్ఫ్ బండిలోంచి పడ్డాడని మొదటి కబురు. ఆ బండి పైకప్పు ఎక్కి పడుకుని పడ్డాడని ఆనక తేలింది! ఏడు కిరీటాల్లో మొదటిది గెలిచి నెల తిరక్కుండానే చేసిన ఘనకార్యం. దాన్ని దాచినవాళ్లనొదిలేసి మనిషిని చప్పిడన్నారు.

ఆఖరి వాదన రూల్సు. ఆఖరి పది రేసుల్లో ఛాంపియన్‌ను తేల్చే పద్ధతి అతనికి కలిసొచ్చిందట. ఆడలేక మద్దెల ఓడు. 2007లో మార్చారు, 2011లో మార్చారు, 2014లో ఏకంగా నలుగురిని మిగిల్చి చివరి రేసుకి తోశారు. 2016లో ఆ ఆఖరి రేసులో జాన్సన్ ముందున్నది మూడంటే మూడు ల్యాపులు, అవీ కావలసినప్పుడే. నాలుగు రకాల లెక్కల్లోనూ గెలిచాడు.

2019 నవంబరులో, వచ్చే ఏడాదితో పూర్తికాలం రేసులు చాలిస్తానన్నాడు. అంతే, ఆ చప్పిడితనం రాత్రికి రాత్రే పెద్దమనిషి తరహా అయిపోయింది. లేచి చప్పట్లు కొట్టడానికి అభిమానులు సిద్ధమయ్యేలోపు కరోనా వచ్చి గ్యాలరీలకు తాళాలేసింది.