గెడ్డలో పడిన పడౌక్‌ని

ప్రోతరాపూర్ ఇళ్ళ వెనక కొండ దిగువన, వాన పడితే ఉరికే గెడ్డకు అడ్డంగా పడి ఉన్న దుంగను నేను. పడౌక్‌ని. అండమాన్ దీవుల్లో తప్ప సహజంగా ఎక్కడా మొలవని జాతి మాది. శేషాచలం కొండల ఎర్రచందనం, మీ అడవుల వేగిస మాకు దగ్గర చుట్టాలు. మావాళ్ళు ఎందరో గొడ్డలికి ఒరిగి, ఏనుగులు లాగితే చాతం రంపపు మిల్లుకి పోయారు. 1883లో పెట్టిన మిల్లు అది. నాకు ఆ గతి పట్టలేదు. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్ దగ్గర 2013 నవంబరు 25న దీవులను దాటిన లెహర్ తుపాను నన్ను వేళ్ళతో పెకలించింది. మూడు రోజుల తరవాత మచిలీపట్నం చేరేసరికి అది నీరసించి వాయుగుండమైపోయిందట. మా మీద మాత్రం దయ చూపలేదు.

నేలకొరిగాక నాలోకి బూజు వచ్చింది. గాలిలో తేలివచ్చిన బీజరేణువులు తడి బెరడు చీలికల్లో మొలిచి, నూలుపోగుకన్నా సన్నని పోగులై లోపలికి పాకాయి. మానుకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను విడగొట్టడం కొన్ని జాతుల బూజులకే బాగా తెలిసిన విద్య. ముందు నా పైచెక్కను పట్టాయి. అది తెల్లబడి, పీచులు తేలి, వేలితో నొక్కితే నీరు కారేలా తయారైంది. లోపలి ఎర్రటి చేవ మాత్రం వాటికి అంత తేలిగ్గా లొంగలేదు. మనుషులు పుట్టగొడుగు అనేది ఆ పోగుల కాపు. మామిడిచెట్టంతా మట్టిలో దాగి, కాయలొక్కటే పైకి కనిపించినట్టన్నమాట.

నైరుతి వానలు ముదిరిన ఒక జులైలో ఓ ముసలామె మనవరాలిని వెంటబెట్టుకుని గెడ్డలోకి దిగింది. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. చేతిలో వెదురుబుట్ట, చిన్న కత్తి.

"మామ్మా, ఇయ్యేటి? చెవుల్లాగున్నాయి!"

"ముట్టుకు చూడు. చల్లగా, మెత్తగా చెవితమ్మెలాగే ఉంటాది. ఇయ్యి తినేవే."

పక్కనే గోరంత తెల్లని విసనకర్రలు కొన్ని మొలిచి ఉన్నాయి. పిల్ల ఒకదాన్ని తిప్పి చూసింది. అడుగున ఒక్కో రేకూ నిలువునా రెండుగా చీలి ఉంది. ఎండ తగిలితే ఆ చీలికలు లోపలికి ముడుచుకుని బీజాలను కాచుకుంటాయి, తడి తగిలితే మళ్ళీ విప్పుకుంటాయి. మణిపూర్‌లో వీటిని కాంగ్లాయెన్ అని పిలిచి ఇష్టంగా వండుకుంటారు. మామ్మకు వాటితో అలవాటు లేదు, కొయ్యలేదు.

ఇంతలో పిల్ల కేకేసింది. గట్టు మీద తెల్లటి గొడుగులు! "మామ్మా, మనూరి పుట్టకొక్కులు!"

"ఆగవే. పుట్టేదీ? పుట్ట లేకండా పుట్టకొక్కేటి?"

ఆ ఒక్క మాటతో నాకు ఆమె మీద గౌరవం పుట్టింది. పుట్టలో చెదలు నమిలిన కలపతో తోటలు కట్టి, తమ తిండికోసం ఒక రకం బూజును పెంచుతాయి. మీరు ఎదురుచూసే పుట్టకొక్కు వానలకు ఆ తోటలోంచే, వేరులాంటి పొడవాటి కాడతో పైకొస్తుంది. కింద పుట్ట లేని తెల్లగొడుగు ఇంకేదో అయి ఉండాలి. అమనిటా అనే పుట్టగొడుగు జాతుల్లో కొన్నిటి విషం తిన్నాక ఆరు నుంచి పన్నెండు గంటలదాకా బయటపడకపోవచ్చు, ఆలోగా కాలేయం మీద పని మొదలుపెడుతుంది. ఉడికించినా పోదు. విషపుదైతే వెండి నల్లబడుతుందనీ, వెల్లుల్లి రంగు మారుతుందనీ, పురుగు తిన్నది మనిషికీ మంచిదేననీ నా మీద కూర్చున్నవాళ్ళు చెప్పుకుంటే విన్నాను. ఒక్కటీ నిజం కాదు. అలా విన్నప్పుడల్లా నోరు లేనందుకు అల్లాడిపోయాను.

మామ్మ తెల్లగొడుగులను వదిలేసింది. ముదిరిన చెవులను కోసి, లేతవాటిని నాకే ఉంచింది.

ఇప్పుడు నా పైచెక్క దాదాపు అయిపోయింది, కాపూ తగ్గింది. చేవను తినగల జాతులు నిదానంగా వస్తాయి. గెడ్డకు ఎగువన ఒక గర్జన్ మాను మొన్నటి గాలికి ఒరిగింది. పోయినసారి వచ్చినప్పుడు మామ్మ దాని బెరడును గోటితో గిల్లి చూసి, "వచ్చే వానలకి ఇటొద్దాం" అంది మనవరాలితో.