డెబ్బై ఐదు శాతం వారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ 75 శాతం హాజరు వారి దివ్య సముఖానికి,

ఏలూరు నుంచి, అటెండెన్సు రిజిస్టరు చంకన పెట్టుకు తిరిగే ఒక లెక్చరరు నమస్కరించి వ్రాయునది. ఇచ్చట మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగనక్కర్లేదు. ప్రిన్సిపాళ్లు మారారు, సిలబస్‌లు మారాయి, జిల్లాలే మారిపోయాయి. 2022 ఏప్రిల్లో మా ఏలూరును కొత్త జిల్లా చేసి, కృష్ణా జిల్లాలోని కైకలూరు, మండవల్లిని మాలో కలిపి, తాడేపల్లిగూడేన్ని పశ్చిమ గోదావరికే వదిలేశారు. తమరు మాత్రం అటూ ఇటూ చెక్కుచెదరలేదు.

ముందే ఒక మాట. నేను తమరి శత్రువును కాను. తమరే లేకపోతే పెద్ద హీరో సినిమా విడుదలైన రోజున నా క్లాసులో నేనూ ఫ్యానూ తప్ప ఎవరూ మిగలరు. ఫీజు రీయింబర్స్‌మెంటుకు తమరే దిక్కు కాబట్టి తల్లిదండ్రులకూ తమరంటే భయభక్తులే. హాజరు చాలలేదని లా విద్యార్థులను పరీక్షకు రానివ్వకపోవడం కుదరదని 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు చెప్పినప్పుడు, మా స్టాఫ్ రూములో అందరికంటే ఎక్కువ దిగులు పడింది నేనే.

నా ఫిర్యాదల్లా తమరి దయ మీద. 75 రాకపోయినా 65 దాకా తమరు కనికరిస్తారు. కాకినాడ జేఎన్‌టీయూ వారి లెక్కలో దాని పేరు కండోనేషన్. 65 కిందికి జారితే డిటెన్షనే, ఆ సెమిస్టరు మళ్లీ చదవాల్సిందే. బాగుంది. కానీ ఆ పది శాతం కోసం తమరి గుమ్మం ముందు నిలబడ్డవాడు మెడికల్ సర్టిఫికెట్టు పట్టుకుని జ్వరం భాషలోనే మాట్లాడాలి. ఇంకే భాషా తమరికి వినబడదు.

కొల్లేరు సరస్సులోని లంక గ్రామాల సంగతి తమరికి ఎవరూ విన్నవించినట్టు లేదు. భారీ వాన పడితే కలెక్టరుగారు సెలవిస్తారు. ఆ రోజు లంకలో ఇంటిముందు రోడ్డు శుభ్రంగానే ఉంటుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, పేరున్న డ్రెయిన్లూ పేరులేని డ్రెయిన్లూ తీరిగ్గా నడిచొచ్చి కొల్లేట్లో దిగాలి గదా. వచ్చే దారులు బోలెడు, సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అంచేత ఏలూరులో ఎండ కాసి, కాలేజీ తెరిచి, నేను హాజరు పిలిచే వేళకు అక్కడ నీళ్లు రోడ్డెక్కుతాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచెత్తితే దేశమంతా చూసింది. టీవీ కెమెరాలు సర్దుకున్నాక ఆ నీళ్లే కొల్లేటికి వచ్చాయి. చినఎడ్లగాడి దగ్గర ఏలూరు-కైకలూరు రోడ్డు మీద పారాయి. పెనుమాకలంక, నందిగామలంక వైపు జనం పడవలెక్కారు. వాన తెరిపిచ్చింది కాబట్టి సెలవు లేదు. ఒళ్లు వెచ్చబడలేదు కాబట్టి సర్టిఫికెట్టూ లేదు.

ఆ వైపు కుర్రాడొకడు ఓసారి లీవ్ లెటర్ ఇచ్చాడు. "రాత్రి కరెంటు పోయింది సార్, తెల్లారుజామున చెరువులో చేపలు తేలాయి, నాన్నకు సాయం ఉన్నాను." తమరికి చేపల సాగు తెలియదు గనుక చెప్తున్నాను. మబ్బు పట్టిన రోజు గడిచాక తెల్లారగట్ల నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలేస్తాయి. అప్పటికప్పుడు జనరేటరు తెచ్చి ఏరియేటర్లు తిప్పి, కొత్త నీళ్లు తోడితే కొన్ని దక్కుతాయి. లేదంటే పొద్దెక్కేసరికి చేపలతోపాటు అప్పులూ పైకి తేలతాయి. (ఆ చెరువు కొల్లేరు అభయారణ్యం హద్దు అయిన అయిదో కాంటూరు లోపలా బయటా అని నేనడగలేదు. 2006లో ప్రభుత్వమే కొల్లేరు ఆపరేషన్ పెట్టి చేపల చెరువుల గట్లు పేల్చినా తెగని పేచీ అది. తమరి పరిధీ కాదు, నాదీ కాదు.)

ఆ ఉత్తరం చెల్లలేదు. వారం తిరక్కుండా వాడే టైఫాయిడ్ సర్టిఫికెట్ తెచ్చాడు. అది చెల్లింది. టైఫాయిడ్ నుంచి లేచినవాడు అలా నిగనిగలాడటం వైద్యశాస్త్రానికే కొత్త. కాగితమంతా నీలం సిరా, పిల్లాడి పేరు ఒక్కటీ నల్ల సిరా. కండోనేషన్ కమిటీలో అందరూ చూశారు. "ఫీజు కట్టాడా?" అని మాత్రం అడిగారు.

జ్వరాన్నే నమ్ముకున్న తమరికి మా ఊరి ముచ్చట ఇంకొకటి. 2020 డిసెంబరు 5 నుంచి ఏలూరులో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛొచ్చి పడిపోయారు. వారం తిరిగేలోగా 600 మందికి పైగా ఆసుపత్రికి చేరారు. ఢిల్లీ ఎయిమ్స్ దాకా కబురెళ్లింది, నిపుణులు దిగారు. సీసం అన్నారు, నికెల్ అన్నారు, పురుగుమందులన్నారు. చాలామంది కొన్ని గంటల్లోనే తేరుకుని ఇంటికెళ్లారు. ఆ వారం సర్టిఫికెట్ రాయమంటే, జబ్బు పేరు దగ్గర డాక్టరు ఏం రాయాలి? నిజంగా పడిపోయినవాడికి జబ్బు పేరు లేదు. పడనివాడికి టైఫాయిడ్ ఉంది.

ఆగడం ఎవరికీ చేతకాదని కాదు, తాడేపల్లిగూడెంలో నిట్‌ను తలుచుకోండి. 2015లో మొదలైనప్పుడు దానికి సొంత గోడే లేదు. పెదతాడేపల్లిలో వాసవి ఇంజినీరింగు కాలేజీవాళ్ల గదుల్లో కొన్నేళ్లు తలదాచుకుని, ఆనక సొంత ప్రాంగణానికి చేరింది. సొంత చోట హాజరు సున్నా అయినా దాన్నెవరూ డిటెయిన్ చెయ్యలేదు. భవనాలు లేస్తున్నాయి, కాస్త ఆగుదాం అనుకున్నారు. లంక కుర్రాడికి అన్నేళ్లు అక్కర్లేదు, నీళ్లు తీసేదాకా ఆగితే చాలు.

కాబట్టి తమరికి నా మనవి. పెదఎడ్లగాడి వంతెన దగ్గర కొల్లేటి నీటిమట్టం కొలుస్తారు. వరదొచ్చిందంటే ఇన్ని మీటర్లని జిల్లా పేజీలో వేస్తారు. కొలిచేది సర్కారు వాళ్లే గనుక దానికి వేరే డాక్టరు సంతకం ఎందుకు? మట్టం ఫలానా గీత దాటిన రోజుల్లో ఫలానా లంకల పిల్లల హాజరు లెక్కలోంచి తీసెయ్యండి. ఎవరిది ఏ లంకో ఆధార్ కార్డే చెబుతుంది. చేపలు తేలిన రోజుకు గ్రామ మత్స్యశాఖ సహాయకుడి మాట చాలంటాను. ఆ మాటా అబద్ధమే కావచ్చు. అయితే కనీసం మా ఊరి అబద్ధం అవుతుంది, టైఫాయిడ్ కాదు.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఒక లెక్చరరు

తా.క.: ఈ ఉత్తరం సంగతి తెలిసి పవర్‌పేట కుర్రాళ్లు నన్ను పట్టుకున్నారు. గూడెం వెళ్లే పాసింజరును గూడ్సు కోసం పుల్ల స్టేషన్లో ఆపేస్తున్నారు, ఆ కారణం కూడా చేర్చమంటున్నారు. చేర్చకండి. దాని ముందు బండి ఉంది, లేవరంతే.