మర్యాదగా కాపురానికి రా, విడాకులు ఇస్తా!

విడాకులు కావాలనుకున్న మొగుడు ఫ్యామిలీ కోర్టులో తరచూ మొదట వేసే కేసు ఏమిటో తెలుసా? పెళ్ళాం కాపురానికి రావాలని. నవ్వకండి, ప్లీడరు గారి గదిలో మాటలు ఇలాగే నడుస్తాయి.

"డైవర్స్ కావాలండీ."

"అయితే ముందు సెక్షన్ తొమ్మిది వేద్దాం. ఆవిడంటే మీకు ప్రాణమనీ, ఏ కారణమూ లేకుండా పుట్టింట్లో కూర్చుందనీ రాస్తాను."

"ఖర్మకాలి వచ్చేస్తే?"

"పిటిషన్‌లో మనం రాసింది చదివాక ఎవరూ రారు. మీరు నిశ్చింతగా ఉండండి."

1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఈ తొమ్మిదో సెక్షన్‌కు దాంపత్య హక్కుల పునరుద్ధరణ అని పేరు. వింటే పాత గుడికి జీర్ణోద్ధరణ చేస్తున్నంత పుణ్యకార్యంలా ఉంటుంది. అసలు కిటుకు నాలుగు సెక్షన్ల అవతల ఉంది. కలిసి ఉండమని డిక్రీ ఇచ్చిన తర్వాత ఏడాది దాకా ఆలుమగలు కలవకపోతే, 13(1ఎ) ప్రకారం ఆ కలవకపోవడమే విడాకులకు ఆధారం. క్రూరత్వం నిరూపించక్కర్లేదు, సాక్షులను బతిమాలక్కర్లేదు. గోడ మీద కేలండరు ఉంటే చాలు. రమ్మన్న మనిషే కాదు, రానన్న మనిషి కూడా దాన్ని వాడుకోవచ్చు. ఇక డిక్రీని అమలు చేయించాలంటే కోర్టు అమీనా వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం ఆస్తి జప్తు చేస్తారు. అనురాగం రాకపోతే అల్మారా వస్తుందన్నమాట.

ఈ తమాషాను ఒక్కసారి గట్టిగా ఆపబోయింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే. నటి సరిత మీద భర్త కడప సబ్ కోర్టులో వేసిన కేసు పైకొచ్చినప్పుడు, 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి ఈ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఎవరితో పడక పంచుకోవాలో చెప్పే పని సర్కారుది కాదన్నది దాని సారం. ఏడాది తిరిగిందో లేదో, 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి, కాపురాలు కూలకుండా ఈ సెక్షన్ తోడ్పడుతుందని సెలవిచ్చింది. మరి ఆ కేసులో సరోజ్ రాణి కాపురం ఏమైంది? కలిసి ఉంటానని కేసు వేసింది ఆవిడే. మొగుడు సరేనన్నాడు, డిక్రీ వచ్చింది. రెండు రోజులు ఇంట్లో ఉంచుకుని గెంటేశాడని ఆవిడ మొర. ఏడాది గడవగానే, మేం కలవలేదు కనుక విడాకులు ఇప్పించండని అతగాడు కోర్టుకెక్కాడు. సుప్రీంకోర్టు ఆ విడాకులనే ఖాయం చేసింది. కాపురాలు నిలబెట్టే సెక్షన్‌ను నిలబెట్టిన తీర్పులోనే ఒక కాపురం కూలింది!

ఇంతకీ ఇది మన ధర్మశాస్త్రాల సొత్తేమో అనుకునేరు. ఇంగ్లండ్ చర్చి కోర్టుల సరుకు. దొరలు 1970లో చట్టం చేసి మరీ తమ ఇంట్లోంచి పారేశారు. మనం మాత్రం భారతీయ సంస్కృతి అని దానికి పసుపూ కుంకుమా పూశాం.

మనోవర్తి ఎగ్గొట్టడానికీ ఇది పనికొస్తుందని ఓ నమ్మకం ఉండేది. ఆవిడ మనోవర్తి కేసు (ఎం.సి.) వేస్తే వెంటనే ఈయన తొమ్మిది వేస్తాడు: రమ్మన్నాను, రాలేదు, డబ్బెందుకు ఇవ్వాలి? డిక్రీ ఉన్నంత మాత్రాన మనోవర్తి దానంతటదే పోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక ఆ ధీమాకు కాస్త గండి పడింది.

సరే, కొట్లాట లేకుండా ఇద్దరూ ఒప్పుకుని విడిపోతామంటే? అప్పుడు చట్టానికి అనుమానం మొదలవుతుంది. 13బి కింద ఏడాది విడిగా ఉండి రావాలి, వచ్చాక మరో ఆరు నెలలు ఆలోచించుకోవాలి. పెళ్ళిచూపుల్లో పావుగంట ఇచ్చిన సమాజం ఇక్కడ భలే ఓపిక చూపిస్తుంది. ఆ ఆరు నెలలు తప్పనిసరేమీ కాదని 2017లో సుప్రీంకోర్టు అన్నది నిజమే. వద్దని అడగడానికి ఇంకో పిటిషన్ వేసుకోవాలి, అంతే. ఫ్యామిలీ కోర్టుల చట్టమేమో ప్లీడరును పెట్టుకోవడం మీ హక్కు కాదు పొమ్మంటుంది. ఓ.పి., ఐ.ఏ., ఎక్స్ పార్టీ, సెట్ అసైడ్ అన్నీ తల్లి కడుపులో నేర్చుకుని పుట్టి ఉంటారని కాబోలు.

ఇద్దరిలో ఒకరు మొండికేస్తే, ఇక అతకని పెళ్ళి అన్న ముక్క చట్టంలో ఎంత వెతికినా దొరకదు. దాన్ని చేర్చమని లా కమిషన్ 1978లో చెప్పింది, 2009లో మళ్ళీ చెప్పింది. 2013లో బిల్లు రాజ్యసభ దాటి, లోక్‌సభ గడప దగ్గర ఊపిరి విడిచింది. 2023లో రాజ్యాంగ ధర్మాసనం, 142వ అధికరణం కింద ఆ మాట తాను అనగలనంది, నేరుగా తన దగ్గరికి రిట్ వేసుకుని రావద్దనీ అంది. కాబట్టి శ్రీకాకుళం జంట తమ పెళ్ళి చచ్చిపోయిందని ఆ పేరుతోనే ఒప్పించాలంటే, కింది కోర్టు నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి ఢిల్లీ చేరాలి. దూర ప్రయాణం, పగవాళ్ళయినా పక్కపక్క బెర్తులు తీసుకుంటే చవకని ఆశపడేరు. క్రూరత్వం కింద కేసు వేసి ఉంటే మాత్రం వద్దు. హిందూ వివాహ చట్టంలోనే 23వ సెక్షన్ ఉంది. ఫ్లాస్కులో టీ పంచుకున్నారని అవతలి వకీలుకు తెలిస్తే, క్రూరత్వాన్ని క్షమించేశారని వాదిస్తాడు.