గ్రామసింహం గారి వేట

మెక్సికోలో ఒక పెద్దమనిషిని అరెస్టు చేశారు. బెయిలొచ్చింది. దేశం దాటొద్దన్నారు, పిలిచినప్పుడు కోర్టుకు రమ్మన్నారు. ఆయన వాయిదాకు వెళ్ళలేదు సరికదా, సరిహద్దు దాటి సొంత దేశానికి చెక్కేశాడు. అక్కడి కోర్టు ఆయన్ని పరారీలో ఉన్న ముద్దాయిగా లెక్కగట్టింది. ఇంటికి చేరాక సదరు ముద్దాయి ఏం చేశాడయ్యా అంటే, బెయిలు మీద బయటికొచ్చి వాయిదా ఎగ్గొట్టేవాళ్ళను పట్టుకునే టీవీ షో మొదలుపెట్టాడు. 2004 నుంచి 2012 దాకా ఏ అండ్ ఈ చానెల్లో ఎనిమిది సీజన్లు నడిచింది. పేరు 'డాగ్ ది బౌంటీ హంటర్'. హీరో డ్వేన్ చాప్‌మన్. లోకం ఆయన్ని ముద్దుగా డాగ్ అంటుంది. వయసులో పెద్దాయన కదా, మనం మర్యాదగా గ్రామసింహం గారు అందాం.

రెండు ఎపిసోడ్లు చూస్తే మూడోదాన్ని మనమే రాసేయొచ్చు. హవాయిలో, హోనొలులు నగరంలో ఒక బెయిలు ఆఫీసు. సింహం గారికి భుజాల కిందికి జారే బంగారు రంగు జూలు, చేతుల్లేని తోలు కోటు, సగం మొహాన్ని మింగేసిన నల్లద్దాలు. పక్కన భార్య బెత్, కొడుకులు, కూతురు, ఒకరిద్దరు నమ్మినబంట్లు. వేటకు బయల్దేరే ముందు అందరూ చేతులు చేతులు పట్టుకుని, తలలు వంచి, దేవుడికి దరఖాస్తు పెట్టుకుంటారు. ఆమెన్ అనగానే పెద్ద పెద్ద కార్లెక్కుతారు. కార్లోంచి ఫోన్లు మొదలు. పారిపోయినవాడి చెల్లెలికొకటి, వాడు వదిలేసిన ప్రియురాలికొకటి, వాడికి ఇల్లు అద్దెకిచ్చిన ఓనరుకొకటి. మొదట తేనె పూసిన గొంతు, తర్వాత కాస్త కారం. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు నోరు జారతారు. ఇల్లు చుట్టుముడతారు, తలుపులు బాదుతారు, కెమెరా ఎగిరెగిరి పడుతుంది. చివరికి లోపల్నుంచి చంబల్ లోయ బందిపోటు ఊడిపడతాడనుకుంటాం. బనీనేసుకున్న బక్కప్రాణి ఒకడు చేతులెత్తుకుని బయటికొస్తాడు.

అసలు ఘట్టం ఆ తర్వాత. బేడీలేసి కారు వెనక సీట్లో కూర్చోబెడతారు. అంతవరకూ గర్జించిన సింహం గారు ఒక్కసారిగా సాధుజంతువైపోయి, సిగరెట్టొకటి వెలిగించి వాడి నోట్లో పెడతారు. తమ్ముడూ అన్నంత ప్రేమగా మొదలవుతుంది ఉపదేశం. మత్తుమందులు మానెయ్యమనీ, పిల్లల మొహం చూడమనీ, తన బతుకూ ఒకప్పుడు ఇలాగే తగలబడిందనీ, తనను చూసి నేర్చుకోమనీ. వాడు బొటబొటా కన్నీళ్ళు కారుస్తాడు. సింహం గారి కళ్ళూ చెమరుస్తాయి. మన ప్రవచనకారులెవరికీ ఇంత నికరమైన శ్రోతలు దొరకరు: మధ్యలో లేచిపోయే వీల్లేదు, చేతులకు బేడీలున్నాయి.

ఇదంతా చూసి అమెరికావాళ్ళు ఆయన్ని పోలీసు అనుకున్నారు, పాస్టరనుకున్నారు, కొందరు రెండూ అనుకున్నారు. ఆయన చేసే పని మాత్రం వసూళ్ళు.

లెక్క చాలా తేలిక. జడ్జిగారు పదివేల డాలర్లు కట్టి బయటికి పొమ్మన్నారనుకోండి. అంత డబ్బే ఉంటే ముద్దాయి పేదల పేటలో ఎందుకుంటాడు? జైలు ఎదురుగా, రాత్రంతా ఎర్రదీపం వెలిగే బెయిలు దుకాణానికి వాళ్ళమ్మ పరిగెడుతుంది. దుకాణదారు కోర్టుకు పూచీ పడతాడు. అందుకు ఫీజు మామూలుగా పది శాతం, అంటే వెయ్యి డాలర్లు. ఆ వెయ్యి మళ్ళీ రాదు. కుర్రాడు నిర్దోషి అని తేలినా రాదు, కేసు మర్నాడే కొట్టేసినా రాదు. పైగా తల్లి సంతకం, కారు కాగితాలో ఇంటి కాగితాలో తాకట్టు. కుర్రాడు వాయిదాలకు బుద్ధిగా తిరిగితే దుకాణానికి లాభం. తిరక్కపోతే పదివేలూ దుకాణదారే కోర్టుకు కక్కాలి. అందుకే సింహాన్ని వదులుతాడు. పట్టుకొస్తే సింహానికి ఆ మొత్తంలో ఒక వాటా, సాధారణంగా పది ఇరవై శాతం మధ్య. కిస్తీ తప్పిన బైకును ఫైనాన్స్ కంపెనీవాళ్ళు నడిరోడ్డు మీద ఆపి తాళం లాక్కోవడం మనకు తెలిసిందే. అక్కడ బైకు బదులు మనిషిని తోలుకుపోతారు. బైకుకైతే సిగరెట్టిచ్చి సువార్త చెప్పే పని ఉండదు, అదొక్కటే తేడా.

ఎనిమిది సీజన్లలో కెమెరా జనం వంటిళ్ళలో దూరింది, పడగ్గదుల్లో దూరింది. రసీదు పుస్తకంలోకి తొంగిచూసింది తక్కువ. చూపిస్తే కథ రక్తి కట్టదు మరి. "వీణ్ణి పట్టి సమాజాన్ని కాపాడాం" అంటే రాక్ గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ టైటిల్ పాట పాడాడు గానీ, "వీణ్ణి పట్టి మా పదివేలు మిగుల్చుకున్నాం" అంటే ఎవడు పాడతాడు?

ఇళ్ళ మీద పడే ఈ హక్కు సింహాలకు ఎవరిచ్చారని మీరడగొచ్చు. 1872లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చింది. టేలర్ వర్సెస్ టెయింటర్ అనే కేసు. అందులో తేలాల్సింది, ముద్దాయి వేరే రాష్ట్రంలో అరెస్టయితే పూచీదార్లు డబ్బు కట్టాలా వద్దా అని. దాని గురించి మాట్లాడుతూ కోర్టువారు పనిలో పనిగా ఇంకొన్ని మాటలన్నారు. పూచీ పడ్డవాడి చేతిలో ముద్దాయి బందీ కిందే లెక్క, వాణ్ణి ఎప్పుడైనా పట్టుకోవచ్చు, వేరే రాష్ట్రానికి తరుముకుంటూ పోవచ్చు, ఆదివారం పూటా పట్టుకోవచ్చు, అవసరమైతే ఇంటి తలుపులు బద్దలుకొట్టొచ్చు అన్నారు. రైలింజన్లు బొగ్గుతో నడిచే రోజుల్లో, ప్రసంగవశాత్తూ అన్న ఆ మాటల మీద నూటయాభై ఏళ్ళుగా ఒక పరిశ్రమ నడుస్తోంది. పోలీసైతే వారెంటు తెచ్చావా అని అడుగుతారు. సింహాన్ని అడిగితే సంతకం చూపిస్తుంది: తాకట్టు కాగితం మీద అమ్మ పెట్టిన సంతకం. ఆ తర్వాత కొన్ని రాష్ట్రాలు లైసెన్సులూ నిబంధనలూ పెట్టాయి. ఇలినాయ్, కెంటకీ, ఆరెగన్, విస్కాన్సిన్ ఈ వ్యాపారాన్నే వద్దన్నాయి. డబ్బు పుచ్చుకుని పూచీ పడే దుకాణాలు ప్రపంచం మొత్తమ్మీద అమెరికాలో, ఆ తర్వాత ఫిలిప్పీన్స్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. మిగతా దేశాలవాళ్ళు ఇదేం యాపారం అని ముక్కున వేలేసుకుంటారు. మెక్సికో అయితే వేలేసుకుని ఊరుకోలేదు, లోపలేసింది.

ఆ కథ ఇది. ఆండ్రూ లస్టర్ అని మాక్స్ ఫాక్టర్ సౌందర్య సాధనాల సామ్రాజ్యానికి వారసుడొకడు, మునిమనవడు. ఆడవాళ్ళకు మత్తుమందిచ్చి అత్యాచారాలు చేసిన కేసులో పది లక్షల డాలర్ల బెయిలు మీద బయటున్నాడు. 2003 జనవరిలో, విచారణ మధ్యలో మాయమయ్యాడు. వాడు లేకుండానే 86 నేరాలు రుజువై 124 ఏళ్ళ శిక్ష పడింది. ఆ జూన్‌లో మెక్సికోలోని ప్యూర్టో వల్లార్టాలో, తెల్లారుజామున, టాకోలమ్మే బండి దగ్గర గ్రామసింహం గారు వాడి మీదికి దూకారు. వెంట కొడుకు, అనుచరుడు, కెమెరావాళ్ళు కూడా. నిజం చెప్పాలంటే మంచిపనే. అలాంటివాడు బయట తిరక్కూడదు. కానీ మెక్సికో చట్టంలో బౌంటీ వేట అనే ఉద్యోగం లేదు. దాన్ని వాళ్ళు మనిషిని అక్రమంగా నిర్బంధించడం అంటారు. స్థానిక పోలీసులొచ్చి వేటగాణ్ణీ, వేటనూ, వేటను చిత్రీకరిస్తున్నవాళ్ళనూ కలిపి పట్టుకెళ్ళారు. లస్టర్‌ను అమెరికాకు పంపేశారు. సింహం గారికి బెయిలిచ్చారు. ఆ తర్వాత ఏమైందో మొదట్లోనే చెప్పుకున్నాం. ఇంత చేసినా చిల్లిగవ్వ దక్కలేదు. ఖర్చులూ కూలీ ఇప్పించమని కాలిఫోర్నియా కోర్టుకెక్కితే, పరాయి దేశపు చట్టం మీరినందుకు సొమ్మివ్వడం కుదరదు పొమ్మన్నారు. దక్కిందల్లా పేరు. ఆ పేరు మీదే షో.

2006 సెప్టెంబరులో ఒక తెల్లవారుజామున అమెరికా ఫెడరల్ మార్షల్స్ హవాయిలో సింహం గారి ఇంటి తలుపు తట్టారు. మెక్సికో అప్పగించమంటోందని చెప్పి తీసుకెళ్ళారు. అప్పుడు వెనక సీట్లో ఆయనకెవరైనా సిగరెట్టిచ్చి, చెడు సావాసాలు మానమని చెప్పారో లేదో మనకు తెలీదు. బెయిలు మీద, కాలికి ఎలక్ట్రానిక్ పట్టీతో ఇంటికొచ్చారు. పట్టీ కాలికుండగా అభిమానులు బారులు తీరి సంతకాలు పెట్టి, మా డాగ్‌ను మెక్సికోకు పంపొద్దన్నారు. పాపం కేసుకు కాలం తీరిపోయిందని 2007లో అక్కడి కోర్టు కొట్టేసింది. ఆయన షోలో పట్టుబడ్డవాళ్ళలో ఎంతమంది కేసులకు ఇలా కాలం తీరే అదృష్టం పట్టిందో!

ఇంకో ముచ్చట. సింహం గారు వేటకు తుపాకీ పట్టరు. అహింసా వ్రతమేమీ కాదు. 1970లలో టెక్సస్‌లో జరిగిన ఒక హత్య కేసులో ఆయనకు ఐదేళ్ళ శిక్ష పడింది. కాల్చింది తాను కాదనీ, బయట కారులో కూర్చుని ఉన్నాననీ ఆయన చెప్పేమాట. ఏడాదిన్నర లోపలుండి బయటికొచ్చారు. అలా శిక్ష పడ్డవాళ్ళు తుపాకీ పెట్టుకోకూడదన్నది అక్కడి చట్టం. అందుకే నడుముకు కారప్పొడి స్ప్రే. జైలుకెళ్ళొచ్చినవాడు బాగుపడకూడదని నేననను, బాగుపడాలి. ఒక్కసారి తప్పుచేసినవాడికి మళ్ళీ బతికే అవకాశమివ్వాలన్న సంగతి ఆయన జీవితమే చెబుతోంది. ఆ సంగతిని వారం వారం ఇంకొకడికి బేడీలేసి చెప్పడమే కాస్త వింత. 2007లోనే ఇంకో ముసలం పుట్టింది. కొడుకుతో ఫోన్లో, వాడి నల్లజాతి స్నేహితురాలి గురించి ఆయనన్న నీచమైన మాటలు బయటికి పొక్కాయి. చానెల్ షో ఆపేసింది. సింహం గారు టీవీల్లో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నారు. 2008లో షో తిరిగొచ్చింది. పశ్చాత్తాపానికి కూడా సీజన్లుంటాయి.

ఈ తెరకు అవతల ఏముందో ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను, ఇక్కడ నవ్వడం కష్టం. 2015 జులైలో టెక్సస్‌లోని వాలర్ కౌంటీలో, లేన్ మారేటప్పుడు సిగ్నల్ వెయ్యలేదని సాండ్రా బ్లాండ్ అనే నల్లజాతి మహిళ కారాపారు. మాటామాటా పెరిగింది, అరెస్టు చేశారు. బెయిలు ఐదువేల డాలర్లు. బయటికి రావడానికి చేతిలో ఉండాల్సింది ఐదొందలు. ఆ ఐదొందలు సమకూరేలోపే, మూడో రోజున, ఆమె సెల్‌లో చనిపోయి కనిపించింది. అదే చోట పది లక్షలు కట్టగలిగినవాడైతే మెక్సికోలో టాకోలు తింటూ ఉండేవాడు.

మన దగ్గర ఈ దుకాణాల్లేవని గుండెల మీద చెయ్యేసుకోవద్దు. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకొచ్చింది. మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేటు పదివేల రూపాయల పూచీ అడిగాడు. తమ్ముడు పూచీ ఇస్తానంటే, నీ ఆస్తి వేరే జిల్లాలో ఉంది చెల్లదన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్‌కు ఒళ్ళు మండింది. ఇలాగైతే ఒక తెలుగువాడో తమిళుడో మలయాళీయో ఏ బస్తర్‌లోనో చాందినీచౌక్‌లోనో అరెస్టయితే ఆ ఊరి ష్యూరిటీని ఎక్కణ్ణుంచి తెస్తాడని తీర్పులోనే నిలదీశాడు. మేస్త్రీని వెయ్యి రూపాయల సొంత పూచీ మీద వదలమన్నాడు. అయినా ఇప్పటికీ మన కోర్టు ఆవరణల్లో ఇంటిపన్ను రసీదులు పట్టుకుని ష్యూరిటీల కోసం చెట్టుకింద ఎదురుచూసేవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. అద్దెకు ష్యూరిటీలొచ్చేవాళ్ళూ, దొంగ కాగితాలతో పట్టుబడేవాళ్ళూ సరేసరి. షో ఒక్కటే తక్కువ. చానెళ్ళవాళ్ళు ఈ కాలమ్ చదవరనే ధైర్యంతో రాస్తున్నాను.

మళ్ళీ అమెరికాకొస్తే, ఎనిమిది సీజన్లు చూసి పెరిగిన శిష్యుల పనితనం కూడా కాస్త చెప్పుకోవాలి. 2015 ఆగస్టులో అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో రాత్రి పదింటప్పుడు పదకొండు మంది సింహాలు ఒక ఇంటిని చుట్టుముట్టాయి. ఓక్లహోమా నుంచి పారిపోయినవాడొకడు అందులో నక్కాడని ఫేస్‌బుక్‌లో సమాచారం వచ్చిందట. లైట్లు, ఆయుధాలు, తలుపు మీద బాదుడు, బయటికి రారా అని కేకలు. ఇంటాయన బయటికొచ్చాడు. ఆయన ఫీనిక్స్ నగర పోలీసు చీఫ్. ఫేస్‌బుక్‌ను నమ్మితే ఇంతకన్నా పెద్ద చేప దొరకదు. అదే ఏ కూలిమనిషి ఇల్లో అయ్యుంటే, ఆ రాత్రి ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పుకునేవారో.

ఈ దుకాణాలను మూయించే ప్రయత్నాలూ లేకపోలేదు. కాలిఫోర్నియా ప్రభుత్వం 2018లో డబ్బు బెయిలును ఎత్తేస్తూ చట్టం చేసింది. దుకాణదారులు ఊరుకుంటారా? సంతకాలు సేకరించి, డబ్బు గుమ్మరించి, ప్రజాభిప్రాయానికి పెట్టించారు. 2020 నవంబరులో జనం ఆ చట్టం మాకొద్దన్నారు. ఇలినాయ్ మాత్రం 2023 సెప్టెంబరులో డబ్బు బెయిలును పూర్తిగా తీసేసింది.

మరి డబ్బు భయం లేకపోతే వాయిదాకు ఎవడొస్తాడని అడగడం సహజమే. న్యూయార్క్‌లో కొందరు పరిశోధకులు చిన్న పని చేసి చూశారు. సమన్ల కాగితాన్ని కాస్త అర్థమయ్యేలా మార్చారు, వాయిదాకు ముందు ఫోనుకు మెసేజ్ పంపించారు. కోర్టుకు ఎగ్గొట్టేవాళ్ళు గణనీయంగా తగ్గిపోయారు. తేలిందేమంటే, వాయిదా తప్పేవాళ్ళలో చాలామంది పారిపోయే రకం కాదు, మర్చిపోయే రకం.

ఈ మర్చిపోయేవాళ్ళ మీద షో తీయడానికి నేను సిద్ధం. మొదటి ఎపిసోడ్: ఫోను మోగుతుంది. రేపు పదింటికి వాయిదా, మర్చిపోకు అని మెసేజ్. బనీనులో ఉన్న బక్కప్రాణి దాన్ని రెండుసార్లు చదువుకుని, ఉతికిన చొక్కా కోసం వెతుక్కుంటాడు. రెండో ఎపిసోడ్: బస్సు కోసం నిలబడతాడు. మూడో ఎపిసోడ్: బస్సొస్తుంది. స్పాన్సర్లు కావలెను.