డాక్టరుగారి బండి

పాత కాంపాక్ట్ ఎస్‌యూవీ బేరానికి వెళ్తేగానీ తెలీదు, మన ఊళ్లో ఇంతమంది డాక్టర్లున్నారని! ప్రతి బండీ డాక్టరుగారిదే. ఆదివారం గుడికి తప్ప బయటికి తీయలేదట. 2014 ఫోర్డ్ ఎకోస్పోర్ట్, మీటర్లో 38 వేల కిలోమీటర్లే. బ్రేకు పెడల్ రబ్బరు మాత్రం గుండులా నున్నగా అరిగింది. గుడి శ్రీశైలంలో ఉందేమో! ‘టైర్లు కంపెనీ నుంచి వచ్చినవే’ అంటాడు బ్రోకరు. వాటిమీద అంకెలు 2319. అంటే 2019లో, 23వ వారంలో పుట్టాయి. కొనేవాడు వచ్చేసరికే ఇంజను వేడిగా ఉంటుంది. చల్లటి ఇంజను నిజాలు చెప్పేస్తుంది మరి. ‘ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని ఫోర్డ్ 2021లోనే చెప్పేసింది కదయ్యా?’ అంటే, ‘అందుకే సార్, ఇక దొరకదు. ఇంకో ఇరవై వేలు వేసుకోండి!’